సరళ పాడిన మొదటి క్యాసెట్

మొన్న పాత క్యాసెట్ల డబ్బా తెరవగానే వచ్చిన వాసనకు పాల్వంచలోని మా వెనకగది గుర్తొచ్చింది. నాన్న అక్కడే కీర్తనలు రికార్డు చేసి, సొంత కంపెనీ పేరుతో క్యాసెట్లు విడుదల చేసేవాడు. మొదటి క్యాసెట్‌కు పక్కింటి సరళ పాడింది. ఎవరి గొంతు క్యాసెట్లో ఉంటే వాళ్లే నాన్నకు ఇష్టమని అప్పట్లో నా నమ్మకం. ఆయన ఆమె ముందు మైకు సరిచేస్తుంటే నాకు ఒళ్లు మండింది. ఆమె పల్లవి అందుకోగానే కావాలనే గట్టిగా దగ్గాను.

నాన్న మిషన్ ఆపి, నా నుదురు పట్టి చూశాడు. "జరమొచ్చేటట్టుంది. ఇయ్యాల ఆపుదాం సరళా, రేపు పాడుదువు" అన్నాడు.

సరళ తన గొంతు కోసం తెచ్చుకున్న కలకండ నా చేతిలో పెట్టింది. "చప్పరించు, తగ్గుతది."

రేపు మళ్లీ ఆమే పాడుతుందని కుళ్లుకుంటూనే చప్పరించాను. నాన్న నా కోసం రికార్డింగే ఆపేశాడన్న సంగతి అప్పుడు నాకు తట్టనేలేదు.