భవానీదేవి అన్న ‘ఆయ్’

కోనసీమలో మనిషిని తిట్టాలన్నా చివర ‘అండీ’ చేర్చే తిడతారు. అది విని పైవాళ్ళు ఇక్కడి మనుషులకి కోపమే రాదనుకుంటారు. ఎందుకు రాదు? శుభ్రంగా వస్తుంది. వచ్చిన కోపాన్ని వీధిలో పారబోసుకోవడం మర్యాద కాదని దాచుకుంటారు, అంతే. అలా దాచుకోవడంలో భవానీదేవి గారిని మించినవాళ్ళు కొత్తపేట చుట్టుపట్ల లేరు.

భర్త పోయాక కొబ్బరితోటా, వరిచేలూ ఆవిడే చూసుకుంటోంది. కాయల దింపు రోజున పొద్దున్నే తోటలో కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది. చెట్టెక్కినవాడు పొరపాటున లేతకాయ కోశాడా, “కొండబాబూ, అది నీ పెళ్ళికని ఉంచేనయ్యా, అప్పుడే కోసేసేవా” అంటుంది. కొండబాబుకి అప్పటికే ముగ్గురు పిల్లలు.

ప్రతి దింపులోనూ మంచి కాయలు కొన్ని ఏరి, పైపీచు వలవకుండా డొక్కతో సహా అటకెక్కిస్తుంది. ఏడాది పాటు వాటి జోలికి ఎవరూ వెళ్ళరు. లోపలి నీళ్ళు వాటంతటవే ఇగిరిపోతాయి, కొబ్బరి చిప్పని వదిలేస్తుంది, పట్టుకుని ఊపితే గలగలమంటుంది. అదీ కురిడీ. పచ్చికాయ కుళ్ళుతుంది గాని కురిడీ కుళ్ళదు. సొంత అన్నయ్య మీద భవానీదేవికున్న కోపం కూడా అలా అటకెక్కించిన కాయే.

అన్నయ్య పేరు రాజేంద్రప్రసాద్. అమలాపురంలో పెద్దమనిషి. పెళ్ళయినా యాత్ర అయినా చుట్టాలందరికీ ముందు నడిచేది ఆయనే. పదిమందిలో ఒక మాట విసిరి అందరినీ నవ్వించడం ఆయన విద్య. ఆ నవ్వు ఎవర్ని తొక్కుకుంటూ పోయిందో వెనక్కి తిరిగి చూసే అలవాటు మాత్రం లేదు. అవునండీ అనడానికి ఈ గడ్డ మీద ‘ఆయ్’ అంటారు కదా, ఆ మాట ఆయన నోట్లో నానుతూనే ఉంటుంది. కలెక్టరు ఫోన్ చేసినా ఆయ్, కూలివాడు దణ్ణం పెట్టినా ఆయ్. ఆయన ఆస్తిలో అందరికీ సమానంగా పంచింది ఆ ఒక్క మాటే.

చాలా ఏళ్ళ కిందట చుట్టాలంతా కలిసి కేదారం వెళ్ళారు. భవానీదేవి భర్త భీమరాజుకి చిన్నప్పటి నుంచీ ఉన్నది ఆ ఒక్క కోరికే. నెమ్మదైన మనిషి, నడకా నెమ్మదే. తీరా కొండ కింద గౌరీకుండ్ చేరి గుర్రాలు మాట్లాడుకుంటుంటే, రాజేంద్రప్రసాద్ అందరి ముందూ గొంతెత్తాడు.

“మా బావగారికి గుండాయాసమండీ. పైకి తీసుకెళ్తే శివుడి కంటే ముందు యముడు కనపడతాడు. చెల్లాయీ, మీరిద్దరూ కిందే ఉండండమ్మా.”

అందరూ నవ్వారు. భీమరాజుకి గుండాయాసం లేదు, మరే ఆయాసమూ లేదు. ఆయన కోసం దారిలో ఆగాల్సి వస్తుందని రాజేంద్రప్రసాద్‌కి విసుగు, అంతే. పదిమందిలో కాదంటే యాత్రంతా గొడవవుతుందని భీమరాజు తల వంచుకుని, “ఆయ్” అన్నాడు.

భర్త నోట ఆ మాట రోజూ వినేదే. ఆ పూట మాత్రం భవానీదేవికి అది ‘అవునండీ’ అన్నట్టు వినపడలేదు. గుర్రాలు వంపు తిరిగి కనపడకుండా పోయేదాకా భార్యాభర్తలిద్దరూ సత్రం అరుగు మీద నిలబడి చూశారు. దర్శనం చేసుకుని దిగివచ్చిన అన్నయ్య, బావగారి భుజం తట్టి చెప్పాడు.

“ఏముందండి బావగారూ, మంచూ రాళ్ళూను. మీరు రాకపోవడమే మంచిదైందండీ.”

అక్కడితో అయిపోతే భవానీదేవి మరిచిపోయేదేమో. భీమరాజుకి ‘ఆయాసం బావగారు’ అని పేరు పడిపోయింది. ఏ పెళ్ళికి వెళ్ళినా, “ఆయాసం బావగారికి కుర్చీ వెయ్యండ్రా” అని రాజేంద్రప్రసాద్ కేక, పందిరంతా నవ్వు. కొన్నాళ్ళకి భీమరాజు కామెర్లతో పోయాడు. గుండె మటుకు రాయిలా ఉందని డాక్టరు చివరి దాకా చెబుతూనే ఉన్నాడు. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర ఎవరో, “పాపం, ఆయాసం మనిషి” అన్నారు. పక్కగదిలో కూర్చున్న భవానీదేవి విన్నది. ఆ రోజే కాయ అటకెక్కింది.

ఇన్నేళ్ళకి రాజేంద్రప్రసాద్‌కి పెరూ దేశం చూడాలన్న సరదా పుట్టింది. ఆండీస్ కొండలు, వాటి మీద మచు పిచ్చు అనే పాత రాతి ఊరు, ఆ తరవాత అమెజాన్ అడవి. ముంబై కంపెనీ వాళ్ళు గైడుని పెట్టి దగ్గరుండి తిప్పే టూరు. ఆయన విమానం ఎక్కకముందే సంగతి అమలాపురమంతా తెలిసిపోయింది. మచు పిచ్చు మీద తెల్లచొక్కా, జరీ కండువాతో దిగే ఫొటోని గడియారస్తంభం సెంటర్లో ఫ్లెక్సీ వెయ్యడానికి కుర్రాళ్ళు స్థలం కూడా చూసుకున్నారు. భార్య పార్వతి మాత్రం రానంది.

“ఆ మచ్చులూ పిచ్చులూ నాకెందుకండీ, మోకాళ్ళు నా మాట వినవు. భవానిని తీసుకెళ్ళండి. పాపం, ఎక్కడికీ కదలదు.”

“వస్తావామ్మా?” అని అన్నయ్య ఫోన్లో అడిగితే భవానీదేవి, “ఆయ్” అంది. ఎందుకందో ఆవిడకే తెలీదు. అటక మీద కాయ ఒక్కసారి గలగలమన్నట్టు అనిపించింది.

బృందంలో అందరూ గుజరాతీలు, మరాఠీలు. తెలుగువాళ్ళు వీళ్ళిద్దరే. గైడు పేరు విల్బర్, ఆ కొండల్లో పుట్టినవాడు. ఇంగ్లీషు నిదానంగా మాట్లాడతాడు కాబట్టి భవానీదేవికి అర్థమయ్యేది. కుస్కో ఊళ్ళో దిగిన రోజే అందరినీ కూర్చోబెట్టి, ఇక్కడ గాలి పలచన, ఎక్కడ నొప్పిగా ఉన్నా దాచకండి అని చెప్పాడు. వెనకటి బృందంలో ఒకాయన నో ప్రాబ్లెం, నో ప్రాబ్లెం అంటూనే మెట్ల మీద పడిపోయాడట. అప్పట్నుంచీ విల్బర్‌కి భయం.

ఆ సాయంత్రం హోటల్ వరండాలో రాజేంద్రప్రసాద్ ఫోన్ పట్టుకుని, “ఆయ్... ఆయ్ ఆయ్... ఆయ్ అండీ” అంటున్నాడు. విల్బర్ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఆయన్ని కుర్చీలో కూలేసి, ఆక్సిజన్ సీసా తెచ్చి ముక్కుకి పెట్టాడు. రాజేంద్రప్రసాద్ బ్రహ్మానందపడిపోయాడు.

“చూసేవా అమ్మా మర్యాద? మనింటికి చుట్టం వస్తే బొండాం కొట్టి ఇస్తాం. వీళ్ళు గాలి ఇస్తున్నారు.”

మర్నాడు కూడా అంతే. ఆయన ఆయ్ అన్నప్పుడల్లా విల్బర్ వచ్చి నాడి పట్టుకునేవాడు. మిగతావాళ్ళకి లేని మర్యాద తనకే ఎందుకని ఆయన అడగలేదు. తనకి కాకపోతే ఇంకెవరికి అన్నది ఆయన నమ్మకం.

ఆ మర్నాడు చించేరో అనే ఊరికి తీసుకెళ్ళారు. అక్కడ ఆడవాళ్ళు మగ్గాన్ని నడుముకి కట్టుకుని, నేల మీద కూర్చుని నేస్తారు. అమలాపురం పక్క బండారులంకలో మగ్గాలు చిన్నప్పటి నుంచీ చూసిన భవానీదేవికి అది వింతగా ఉంది. శాలువా ఒకటి చేత్తో పట్టుకుని బేరమాడుతోంది. ఇంతలో నేసే ఆవిడ చేతిలో దారాలు సర్దే ఎముక పుల్ల జారి వేలికి గుచ్చుకుంది. “ఆయ్” అంది ఆవిడ, వేలు నోట్లో పెట్టుకుని.

బండారులంకలో అయితే ‘అమ్మా’ అనేది. భవానీదేవి విల్బర్ వైపు తిరిగి, ఆయ్ అంటే ఏమిటని అడిగింది. విల్బర్ మొహం చిట్లించి, తన వేలిని తనే గిల్లుకుని చూపించాడు. నొప్పి పుడితే మేం అనే మాట అది, అన్నాడు. మీ అన్నయ్యగారు ఎంత బాధపడుతున్నారో పాపం, అని కూడా అన్నాడు.

భవానీదేవి శాలువా కింద పెట్టేసింది. గౌరీకుండ్‌లో గుర్రాల ముందు తల వంచుకున్న భర్త కళ్ళకి కట్టాడు. ఆయన ఆ రోజు అన్న మాట ఈ ఊరివాళ్ళ భాషలోదన్న మాట. మనవాళ్ళలో ఒక్కరికీ అర్థం కాకపోయింది. ఏడుపు రాలేదు ఆవిడకి. కోపం వచ్చింది, ఆ కోపం వెనకే దారీ కనపడింది.

మచు పిచ్చు కొండ కింది ఊళ్ళో రైలు దిగి బస చేశారు. తెల్లవారి కొండెక్కే బస్సు కోసం అందరూ లైన్లో నిలబడ్డారు. రాజేంద్రప్రసాద్ తెల్లచొక్కా వేసుకుని, జరీ కండువా మడతలు సర్దుకుంటున్నాడు. భవానీదేవి విల్బర్‌కి వినపడేంత దగ్గరికి జరిగి అన్నయ్యని పలకరించింది.

“అన్నయ్యగారూ, రాత్రి నిద్ర పట్టిందాండీ?”

“ఆయ్.”

“వదినగారు ఫోన్ చేసేరాండీ?”

“ఆయ్ ఆయ్.”

“పిల్లలందరూ కులాసాయేనాండీ?”

“ఆయ్ అమ్మా, ఆయ్.”

భీమరాజు పోయాక చెల్లెలు ఇంత ఆప్యాయంగా మాట్లాడటం ఆయన ఎరగడు. పెద్దాయన కళ్ళు చెమర్చాయి. ఆయ్ మీద ఆయ్ అంటూ, ఆపైన కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంటున్న మనిషిని చూసి విల్బర్‌కి గుండె ఆగినంత పనైంది. వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఇది కుస్కో కన్నా పల్లమే గాని మెట్లు నిటారుగా ఉంటాయి, నొప్పితో ఎక్కనివ్వను అన్నాడు.

“నో ప్రాబ్లెం, నో ప్రాబ్లెం” అన్నాడు రాజేంద్రప్రసాద్.

అనకూడని మాట అదే. విల్బర్ మొహం పాలిపోయింది. భవానీదేవి వైపు తిరిగి, గుండె మీద చెయ్యి వేసుకుని, ఈయనకి ఇక్కడ నొప్పి ఉందా అమ్మా, నిజం చెప్పండి అని అడిగాడు.

లేదని తల అడ్డంగా ఊపితే చాలు. అన్నయ్య కొండెక్కుతాడు, ఫొటో దిగుతాడు, సెంటర్లో ఫ్లెక్సీ లేస్తుంది. భవానీదేవి అన్నయ్య కండువా వంక చూసింది. ఆయన నవ్వుతూ నిలబడ్డాడు, చెల్లెలు చెబుతుందిలే అన్న ధీమాతో.

“ఆయ్” అంది భవానీదేవి.

ఆ మాటని ఏ భాషలో తీసుకున్నా అర్థం ఒకటే అయింది. లైన్లో గుజరాతీలు అయ్యో అన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి విల్బర్ మనిషొకతను ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“మీరు కిందే ఉండండి అన్నయ్యగారూ” అంది భవానీదేవి.

పదిమందిలో కేకలు వెయ్యడం మర్యాద కాదు గనక రాజేంద్రప్రసాద్ కేకలు వెయ్యలేదు. బస్సు వంపు తిరిగేదాకా అక్కడే నిలబడి చూశాడు. కిటికీలోంచి భవానీదేవి కూడా చూసింది.

కొండ పైకెళ్ళాక ఆవిడ కుమిలిపోయిందని రాస్తే కొందరికి బాగుంటుంది. కుమిలిపోలేదు. మబ్బు విడిచాక ఆ రాతి గోడలు, కింద సన్నగా మెలికలు తిరిగే నది కనపడ్డాయి. అతుకు తెలీకుండా పేర్చిన రాళ్ళ దగ్గర ఒక్కోచోటా ఆగి, తడిమి, భీమరాజు ఎంత నెమ్మదిగా నడిచేవాడో అంత నెమ్మదిగా నడిచింది. ఎవరూ విసుక్కోలేదు. ఒక మెట్టు మీద కూర్చుని ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న జంతికలన్నీ తినేసింది. అంత ఆకలి వేసి చాలా ఏళ్ళయింది.

కింద ఆస్పత్రిలో రాజేంద్రప్రసాద్‌ని రోజంతా పరీక్షలు చేశారు. గుండె రాయిలా ఉందని చెప్పారు. అయినా పేరు పడిపోయింది కదా. అమెజాన్ అడవికి చేరాక గుజరాతీలు ఆయన్ని చెరో రెక్కా పట్టుకుని పడవ ఎక్కించారు, నీడపట్టున కూర్చోబెట్టారు, “అంకుల్‌కి గుండె బాగోదు” అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆయన కాదన్న కొద్దీ ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

అక్కడ ఉక్కపోత, ఎర్రమట్టి నీళ్ళు, గట్టు పొడుగునా అరటిచెట్లు. వరద గోదారి మీద లంకలోకి పోతున్నట్టే ఉంది. ఒక చోట గట్టు నిండా పెద్ద పెద్ద ఎర్ర చిలకలు వాలి మట్టి పొడుచుకు తింటున్నాయి. అడవిలో విషపు గింజలు తింటాయనీ, ఆ విషం విరగడానికి మట్టి తింటాయనీ విల్బర్ చెప్పాడు. భవానీదేవి వాటిని ఇష్టంగా చూసింది. ఇన్నేళ్ళు తను తిన్న గింజకి విరుగుడు ఇంకా ఒక్క ముద్ద మిగిలి ఉందని ఆవిడకి తెలుసు. అన్నయ్య తనంతట తనే అడగాలని చూస్తోంది.

ఆవిడ కొండ దిగివచ్చిన దగ్గర్నుంచీ, చెల్లెలు కంగారులో అలా అందనుకుని ఆయన ఆ ఊసెత్తలేదు. చిలకల్ని చూస్తూ చూస్తూ చివరికి అడిగాడు.

“పైన ఎలా ఉందమ్మా?”

భవానీదేవి కొంగు సర్దుకుంది. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఉండాల్సిన మర్యాదంతా గొంతులో పెట్టుకుంది.

“ఏముందండి అన్నయ్యగారూ, మంచూ రాళ్ళూను. మీరు రాకపోవడమే మంచిదైందండీ.”

రాజేంద్రప్రసాద్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ మాట ఎక్కడిదో, ముందు ఎవరు ఎవరితో అన్నదో ఆయనకి గుర్తొచ్చింది. బస్సు దగ్గర చెల్లెలు అన్న ఆయ్ కూడా అప్పుడే అర్థమైంది. ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు.

ఆయన తల వంచుకుని, “ఆయ్” అన్నాడు.

పడవ ముందు భాగంలో ఉన్న విల్బర్ చటుక్కున వెనక్కి తిరిగాడు. మందుల సంచి పట్టుకుని అందరినీ దాటుకుంటూ వచ్చి, గుండె మీద చెయ్యి వేసి చూపిస్తూ, నొప్పి ఇక్కడేనా అని అడిగాడు.

ఈసారి రాజేంద్రప్రసాద్ కాదనలేదు.