కాలరు జిగురని రాసిపెట్టిన పెరుగు

తన చేత సంతకం పెట్టించుకున్న కాగితంలో ఏముందో ఆమెకు తెలియదు. అది ఆ దేశపు భాషలో ఉంది. కింద గీత ఉన్నచోట సూపర్వైజరు వేలుపెట్టి చూపించింది, ఈమె సంతకం పెట్టింది. ఏడాదిన్నర తర్వాత ఒప్పందం ముగిసి ఇంటికి వచ్చి, ఇక్కడి కుట్టుమిల్లులో పని అడగడానికి వెళ్తే, అక్కడి గుమస్తా పాత కంపెనీ ఇంగ్లీషులో ఇచ్చిన పత్రం చదివి తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇందులో దొంగతనం అని ఉందమ్మా. కాలరు జిగురు తీశారట."

ఆమె పత్రం మడిచి సంచిలో పెట్టుకుని బస్టాపుకు నడిచింది. ఆ తర్వాత ఇంకో రెండు మిల్లుల్లోనూ అదే జరిగింది. పన్నెండేళ్లు చొక్కాలు ఇస్త్రీ చేసిన మనిషి. ఆమెకు చేతనైన పని అదొక్కటే. ఆ ఒక్క మాట పత్రంలో ఉన్నంతకాలం ఆ పని ఆమెకు ఎవరూ ఇవ్వరు.

ఆమె తీసింది జిగురు కాదు, అసలు ఆమె ఏమీ తియ్యలేదు. తన వంతు పాలలో తోడేసి పెరుగు చేసుకుంది.

ఆ దేశంలో ఆమెతో ఉన్నవాళ్లు ఆమెను పెరుగక్క అంటారు. ఇక్కడా అలాగే పిలుద్దాం. హాస్టల్లో నాలుగో అంతస్తు, ఒక గదికి పన్నెండు మంది, మీదొకటి కిందొకటిగా ఇనుప మంచాలు. కిటికీ అరచెయ్యి పట్టేంత మాత్రమే తెరుచుకునేది. తలుపు వెనక ఒక బొమ్మ అంటించారు. పొయ్యి మీద ఎర్రగీత కొట్టేసిన బొమ్మ. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యేలా కంపెనీ శ్రద్ధ తీసుకున్నది ఆ ఒక్క విషయంలోనే.

భోజనం కింది అంతస్తులో. అన్నం పలుకుగా ఉండేది, దాని మీద ఒక కూర పోసేవాళ్లు. కూర రంగు రోజూ మారేది, రుచి మారేది కాదు. కడుపు మాడ్చారని ఎవరూ అనలేరు. తిండి పెట్టాం కదా అని కంపెనీ అంటుంది, నిజమే, పెట్టింది. పశువుల పాకలో కూడా పెడతారు.

సాయంత్రం షిఫ్టు దిగాక గదిలో అందరూ మంచాల మీద పడుకుని తిండి కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఒకామె తన ఇంట్లో పోపు వేగే చప్పుడు నోటితో చేసి వినిపించేది. ఇంకొకామె ఆవకాయ జాడీ మూత తీసినప్పటి వాసన గురించి చెబుతుంటే, పై మంచం మీది మనిషి ఇక ఆపమ్మా తల్లీ, దిండు తడిసిపోతోంది అనేది. బొత్తాలు కుట్టే సెక్షన్లో పనిచేసే ఆమె, అందరిలోకీ నోరున్న మనిషి, తనకు తిండి అక్కర్లేదంది. "ఇంకో ముద్ద తిను, చచ్చిపోవులే అని మా అమ్మ తిట్టేది చూడండి, అది కావాలి నాకు. ఇక్కడ తిన్నావా అని అడిగే దిక్కు లేదు, టోకెను చూపించు అంటారు."

పెరుగక్క పెద్దగా మాట్లాడేది కాదు. ఆమె బాధ ఒక్కటే. పెరుగన్నం కలుపుకోకుండా చెయ్యి కడుక్కుంటే భోజనం మధ్యలో ఎవరో లేపేసినట్టు ఉండేది. రోజూ అలా మధ్యలోనే లేచేది. సెలవు రోజున బజారుకెళ్లి పెరుగు కొన్నారు. అందులో చక్కెర, పండ్ల ముక్కలు ఉన్నాయి. బొత్తాలామె అయినా ఊరుకోక అన్నంలో కలిపి తిని, పెళ్లివారి పాయసం మజ్జిగ గంగాళంలో పడ్డట్టుందని తేల్చింది. దాంతో పాలు తోడు పెడితే విరిగిపోయాయి.

అప్పుడు పెరుగక్కకు తాను తెచ్చుకున్న ఎండుమిరపకాయలు గుర్తొచ్చాయి. పెట్టె అడుగున గుప్పెడు మిగిలాయి. గోరువెచ్చని పాలలో మిరప తొడిమలు వేస్తే పాలు తోడుకుంటాయని మన ఇళ్లల్లో ఆడవాళ్లకు తెలుసు. పొద్దున టీతో పాటు ఇచ్చే చిన్న పాలపొట్లం తనది, ఇంకో ఇద్దరివి దాచి, కింద వేడినీళ్లలో ఉంచి వెచ్చచేసి, స్టీలు గిన్నెలో పోసి తొడిమలు వేసింది. గది చలికి అవి పాలుగానే ఉండిపోయాయి. మర్నాడు గిన్నెను పాత స్వెటర్లో చుట్టి తనతో ఇస్త్రీ హాలుకు తీసుకెళ్లింది. నాలుగో ఇస్త్రీ బల్ల వెనక గోడ వెంబడి ఆవిరి గొట్టం పోతుంది. ఆ గొట్టానికి ఆనించి పెట్టింది. మధ్యాహ్నం మూడింటికల్లా తోడుకుంది. మొదటిసారి జిగటగా వచ్చింది. అందులోంచి చెంచాడు తీసి రెండోసారి వేస్తే గట్టి పెరుగే వచ్చింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు పెరుగు తప్పలేదు. రాత్రి భోజనానికి గిన్నె కొంగు చాటున కిందికి వెళ్లేది. పన్నెండు మందికి తలా ఒక చెంచా. గిన్నె అడుగున మరుసటి రోజుకు తోడు ఉంచేది. బొత్తాలామె వేలితో అడుగు గీకబోతే చెయ్యి మీద ఒక్కటి వేసేది. అంత నెమ్మదైన మనిషి కొట్టిన దెబ్బ అదొక్కటేనని ఆమె ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

హాల్లో తినే వస్తువు పెట్టడం నియమానికి విరుద్ధం. ఆ తప్పు పెరుగక్క దాచడం లేదు. దానికి శిక్ష ఒక హెచ్చరిక చీటీ. ఆమె మీద పడింది అది కాదు.

కాలర్లు గట్టిగా నిలవడానికి పూసే తెల్ల జిగురు డబ్బాలు స్టోరులో రెండు తగ్గాయి. స్టోరు తాళం ఎవరి దగ్గరుంటుందో అందరికీ తెలుసు, వాళ్లను ఎవరూ అడగలేదు. పొద్దున పదింటికి సూపర్వైజరు ఇస్త్రీ హాలు వెతకడానికి వచ్చింది. గొట్టం పక్కన స్వెటరు, స్వెటర్లో గిన్నె, గిన్నెలో తెల్లగా చిక్కటి పదార్థం.

గిన్నె పైకెత్తి సూపర్వైజరు ఇదేమిటని అడిగింది. అప్పటికి తోడు వేసి మూడు గంటలే అయింది. తోడుకుంటున్న గిన్నెను కదపకూడదు. కదిపితే పెరుగు నీళ్లు విడిచి పాడవుతుంది. పెరుగక్కకు ఆ క్షణంలో తోచింది అదొక్కటే. ఆ భాషలో ఆమెకు వచ్చినవి పాతిక మాటలు. వాటిలోంచి రెండు ఏరుకుని చెప్పింది. ముట్టుకోవద్దు అంది. రెండు చేతులూ చాచి గిన్నె పట్టుకోబోయింది.

దొంగ కాకపోతే ముట్టుకోవద్దని ఎందుకంటుంది? సూపర్వైజరు వేలు ముంచి వాసన చూసింది. పుల్లగా ఉంది. పాడైన జిగురూ అలాగే పుల్లటి వాసన వేస్తుంది. మన మాటలు వాళ్ల భాషలో చెప్పే దుబాసీ కంపెనీకి బుధవారాలు మాత్రమే వస్తాడు. ఆరోజు శుక్రవారం. గిన్నె తొట్టిలో బోర్లించి కాగితం ముందు పెట్టారు.

రాత్రి గదిలో బొత్తాలామె తల కొట్టుకుంది. "ఒక చెంచా నోట్లో వేసుకుని చూపిస్తే అయిపోయేది కదక్కా."

"ఇంకా తోడుకోలేదే" అంది పెరుగక్క.



ఆమెను ఇస్త్రీ బల్ల నుంచి తీసి దారపు కొసలు కత్తిరించే చోట కూర్చోబెట్టారు. అక్కడ వేడి గొట్టం లేదు. తోడు లేదు, మిరపకాయలు అయిపోయాయి. ఇంటి నుంచి పంపించుకోవచ్చు కదా అని గదిలో వాళ్లు పోరారు. ఊఁ అనేది, రాసేది కాదు. దుబాసీ బుధవారం వచ్చాడు, వెళ్లాడు. అతని దగ్గరకూ వెళ్లలేదు. మిగిలిన ఏడాదిన్నర టోకెను చూపించింది, తింది, చెయ్యి కడుక్కుంది. ఆకలి వేసేదా అంటే వేసేదంటుంది. ఏం తినేదానివంటే గుర్తులేదంటుంది.

ఇప్పుడు అన్నావదినల దగ్గర ఉంటోంది. వచ్చిన రోజు వదిన కావాలని గడ్డపెరుగు తోడు పెట్టి, మీగడతో సహా విస్తట్లో వేసింది. పక్కన కూర్చుని కలుపుకోమంది. ఆడపడుచు తినడం చూస్తూ, నీ కోసం పొద్దున్నుంచీ ఆ గిన్నె దగ్గరకు మీ అన్నయ్యని రానివ్వలేదు, పిల్లినైనా రానిచ్చేదాన్నేమో అని నవ్వించబోయింది. పెరుగక్క విస్తరి ఖాళీ చేసింది. బాగుందంది. చెయ్యి కడుక్కుని వచ్చాక వదినకు నిజం చెప్పింది.

"ఏమీ తెలియట్లేదు వదినా. చల్లగా ఉందని తెలిసింది, అంతే."

వదిన అప్పటినుంచి రుచి సంగతి ఎత్తడం లేదు, వడ్డించడం మానలేదు. మూడో మిల్లువాళ్లు పత్రం తిరిగిచ్చిన రోజున మాత్రం ఆమె ఊరుకోలేదు. బొత్తాలామెకు ఫోన్ చేసింది. అప్పటికి ఆ గదిలోంచి అయిదుగురు ఇళ్లకు చేరారు. ఆ గిన్నెలోది పెరుగేనని, ఎనిమిది నెలలు తాము తిన్నామని అయిదుగురూ రాసి సంతకాలు చేశారు. ఈసారి చదివే చేశారు. వదిన దాన్ని విదేశీ ఉద్యోగాల కార్యాలయంలో ఇచ్చింది. అక్కడి అధికారి అటూ ఇటూ తిప్పి చూసి, పెరుగనడానికి రుజువేమిటమ్మా అన్నాడు. జిగురనడానికి రుజువేమిటో ఆ కంపెనీని అడిగారా అని వదిన అడిగింది. చూస్తామన్నాడు. నాలుగు నెలలైంది, చూస్తూనే ఉన్నాడు.

పెరుగక్కను ఈ పోరాటం గురించి అడిగితే, మీ ఇష్టం అంటుంది. ఆమెకు కోపం రావడం లేదు. ఆమె బదులు మనకు రావాలి. నోరు తెరవని మనిషికి అన్యాయం జరగలేదని రాసుకోవడం కార్యాలయాలకు అలవాటు.

ఇది చదువుతున్న మీరు అలాంటి హాస్టల్లో ఉండి వచ్చినవాళ్లయితే, ఒక పేజీ రాయండి. అక్కడ వండుకోవడానికి చోటుందా, మీ చేత పెట్టించుకున్న సంతకాల్లో ఎన్ని మీ భాషలో చదివి వినిపించి పెట్టించుకున్నవి, అంతే. మీ జిల్లాలోని విదేశీ ఉద్యోగాల కార్యాలయానికి పంపండి. చదవని కాగితం మీద పెట్టిన సంతకం చెల్లదని, పెరుగక్క పత్రంలోంచి ఆ మాట కొట్టేయించాలని కింద రాయండి. మీ ఇంట్లోంచి ఎవరైనా బయల్దేరుతుంటే, వంటగది అన్న మాట ఒప్పందంలో రాసేదాకా ఏజెంటు ముందు కలం పట్టనివ్వకండి. వచ్చే నెల మొదటి సోమవారం వదిన ఆమెను వెంటబెట్టుకుని మళ్లీ ఆ అధికారి దగ్గరకు వెళ్తోంది. పని మానుకోగలిగినవాళ్లు పదిన్నరకల్లా ఆ కార్యాలయానికి రండి. ఈసారి ఆ బల్ల ముందు ఇద్దరే ఆడవాళ్లు నిలబడకూడదు.