చెప్పులు విడిచే గది

"...గుళ్లో ఇడుస్తాం, మసీదులో ఇడుస్తాం. ఇదేం దేవుడప్పా, నా కాలేజీలో నన్నే చెప్పులిడ్సమనేకి?"

"దేవుడు కాదు సార్, దుమ్ము. బేతంచెర్ల బండల లారీలు మన గేటు ముందరే కదా పోతాండేది. ఆ దుమ్ము లోపలికొస్తే మిషను నిలబడిపోతాది."

"నిలబడనీ. పరిగెత్తి యాడికి పోవల్ల అది?"

అడిగినవాడు నంద్యాలలో ఆ కాలేజీకి కరస్పాండెంటు, ఆదినారాయణ రెడ్డి. గుమ్మానికి అడ్డంగా నిలబడినవాడు కంప్యూటర్ లెక్చరర్ యేసురత్నం. 1986 ఏప్రిల్ అది. కాలేజీ మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే. రెడ్డి గొణుగుతూనే కిర్రుచెప్పులు విడిచాడు, లోపల కుర్చీలో చాలాసేపు కునుకు తీసి వెళ్లాడు.

యేసురత్నంది ఆళ్లగడ్డ. తండ్రి యోహాను మిషన్ బడిలో అయ్యవారు. మద్రాసులో కంప్యూటర్ చదివే రోజుల్లో యేసురత్నం ఒక సెలవుకు తన ప్రోగ్రామంతా చిల్లులుగా గుద్దిన సంచెడు కార్డులతో ఊళ్లో దిగాడు. అతను స్నానానికి వెళ్లగానే తల్లి సలోమి వాటి కొలత బాగుందని చర్చికి పట్టుకుపోయి, పాటల పుస్తకాల్లో గుర్తుకు పెట్టుకోమని అందరికీ పంచింది. ఆరాధన ముగిసేసరికి యేసురత్నం తడి తలతో చర్చి తలుపు దగ్గరున్నాడు. కార్డు ఇవ్వకుండా ఎవరినీ బయటికి పోనివ్వలేదు, పాస్టరుగారితో సహా. గుమ్మంలో నిలబడడం అతనికి అప్పుడే అలవాటైందని ఆళ్లగడ్డలో చెప్పుకుంటారు.

మే నెలలో ప్రిన్సిపాల్ రిటైరయ్యాడు. ఆ కుర్చీలో కూర్చోమంటే యేసురత్నం అప్పటికే రెండుసార్లు వద్దన్నాడు. సంతకాలు ఎవరైనా పెడతారు, మిషను దగ్గర ఎవరుంటారు అన్నాడు. ఈసారి రెడ్డి వేరే దారిన వచ్చాడు.

"సోమవారం ఏసీ పీకి ప్రిన్సిపాల్ రూములో పెట్టిస్తాండా."

"ఏసీ లేకుంటే ఈ ఎండకు మిషను చచ్చిపోతాది సార్. జూన్లో పిల్లోళ్లకు పరీక్షలున్నాయి."

"ప్రిన్సిపాల్ యాడుంటే ఏసీ ఆడనే. నువ్వే ప్రిన్సిపాల్ అయితే నీకే చల్లగుంటాది. నన్ను గుమ్మంలో నిలబెట్టినోడు నువ్వొకడివే. ఆ పని పరీక్ష హాలు కాడ చేసి కాపీ చీటీలు ఆపినా సాలు."

ఆ ఆదివారం ఆళ్లగడ్డలో సలోమి కొడుకు ముందు కొర్రన్నం పెట్టింది. అతను కలుపుతున్నాడే గాని తినడం లేదు.

"ఏందిరా, చర్చిలో కార్డులు పోయినప్పుడు పెట్టిన మొగమే పెట్టినావ్?"

సంగతి చెప్పాడు. ఆమె పులుసు పోస్తూ అడిగింది.

"ప్రిన్సిపాల్ యాడుంటే ఆడనే ఆ చల్లది ఉండల్ల. అంతేనా?"

"అంతే."

"మరి ప్రిన్సిపాల్ యాడుండల్లో సెప్పినాడా?"

యేసురత్నం అన్నం తిన్నాడు. ఇంకొంచెం అడిగి పెట్టించుకున్నాడు.

సోమవారం రెడ్డి ఎలక్ట్రీషియన్‌ను, నిచ్చెనను వెంటబెట్టుకుని వచ్చాడు. కంప్యూటర్ గది గుమ్మం దగ్గర ఆగాడు. లోపల మిషను పక్కన ప్రిన్సిపాల్ బల్ల, దాని వెనుక ఎత్తు వీపు కుర్చీ ఉన్నాయి. యేసురత్నం లేచి గుమ్మంలోకి వచ్చాడు.

"ఒప్పుకుంటాండా సార్. ఈ పొద్దు నుంచి ప్రిన్సిపాల్ రూము ఇదే. ప్రిన్సిపాల్‌తో పనుండి ఎవరొచ్చినా, మీరైనా సరే, చెప్పులు బయటనే ఇడ్సల్ల."