పిట్టకు పెట్టిన హమూర్

తమ్ముడు గల్ఫ్ నుంచి పెట్టెలో వచ్చాడు. పని చేస్తూ పడి చనిపోయాడన్నారు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, పూడ్చిన బొంద దగ్గర విస్తరిలో పెడతాం. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినరు. పెట్టె దిగినప్పటి నుంచే వాణ్ణి కన్న మా అవ్వ మెతుకు ముట్టలేదు. కాకి రాకపోతే ఈమె బతకదని మా భయం.

ఏం వండాలన్న మాట రాగానే, వాడికి హమూర్ అంటే పానమని అవ్వ చెప్పింది. మా ఎల్లారెడ్డిలో చేపంటే కొర్రమీను. హమూర్ సముద్రపు చేప. తమ్ముడు అక్కడ చేపల మార్కెట్లో పనిచేసేవాడు, ఫోన్ చేస్తే దాని ముచ్చటే. పిల్లగా ఉన్నప్పుడు తీరం పక్కన మడచెట్ల వేళ్ల మధ్య తిరుగుతుందట. పెరిగాక రాళ్లలో ఒక బొక్క చూసుకుని దాన్ని పట్టుకునే ఉంటుందట. దేని వెంటా పడదు, దగ్గరికొచ్చినదాన్ని మింగుతుంది. తర్వాత పుస్తకాల్లో చూస్తే నిజమే. ఆ చేపకూ వాడికీ పోలిక తేవడం నాకు ఇష్టం లేదు. దానికి సొంత చోటుంది.

వాడు రోజూ అదే తింటున్నాడని అవ్వ నమ్మింది. తనతో బీడీలు చుట్టే ఆడవాళ్లందరికీ గొప్పగా చెప్పుకుంది. నాతో మాత్రం వాడు ఒకసారి అన్నాడు: "దాని పొలుసు తీసుడే నా పని అక్కా. తినేటోళ్లు వేరే. మాకు పప్పే. అవ్వకు చెప్పకు."

మామ కామారెడ్డి పోయి ఐసులో పెట్టిన సముద్రపు చేప ఏదో తెచ్చాడు. హమూరేనా అని అడిగాను.

"అమ్మెటోడు ఔనన్నడు. పాంప్లెట్ చేప అన్నా ఔననేటోడే," అన్నాడు మామ.

ఉప్పునీళ్ల చేప మన కాకికి పడతదా అని ఎవరో గొణిగారు.

కాకి వచ్చింది. అన్నం వదిలింది, మాంసం వదిలింది, చేప ముక్కనే ఎత్తుకుపోయింది.

"సూసిన్రా? నా కొడుక్కి గదే గావాలె," అంది అవ్వ. అందరూ ఔనన్నారు. వాడి నోటికి ఎన్నడూ అందనిదాన్ని వాడి ఇష్టమని పెట్టాం, తిన్నాడని ఒప్పుకున్నాం.

ఇంటికొచ్చి అవ్వ పళ్లెం ముందు కూర్చుంది. రెండు ముద్దలు తిని నా వైపు చూసింది.

"ఆడ వానికి తిండికైతే తక్కువ కాలే, గదా బిడ్డా?"

"కాలేదవ్వా," అని ఆమె పళ్లెంలో ఇంకో చేప ముక్క వేశాను.