అత్తమ్మ ఫ్రీజరుకు సైకిలు ట్యూబు

సంగారెడ్డిల ఒక కోత పండుగను ఒక్క సైకిలు ట్యూబుతోని ఆగం పట్టిచ్చిన మొనగాడు ఎవరని అడిగితే, చెయ్యి లేపాల్సింది నేనే. వరదొచ్చి ఊరు మునిగిందంటే అది దేవుని పని. కరెంటు పోయి పెండ్లి ఆగిందంటే అది సర్కారు పని. నేను చెప్పబోయే నాశనం మాత్రం పూర్తిగ నా రెండు చేతుల కష్టం. అండ్ల ఎవ్వరికీ వాటా లేదు.

అప్పుడు డెబ్బయ్యో దశకం నడుస్తున్నది. పటాన్‌చెరు దిక్కు కొత్తగ ఫ్యాక్టరీలు లేస్తున్నయి. నిన్న జొన్నచేను ఉన్న జాగల ఇయ్యాల పొగగొట్టం. అసొంటి ఒక ఫ్యాక్టరీల నాకు నౌకరి దొరికింది. నౌకరి దొరికినంక పిల్ల దొరికింది. సంబంధం తెచ్చిన మా చిన్నాయన పిల్లోళ్ల ఇంట్ల కూసోని చాయ్ తాగుకుంట, "ఫ్యాక్టరీల మిషన్లన్నీ మావోని చేతులనే ఉంటయి" అని ఒక మాట ఇడిసిండు. అసలు సంగతేందంటే, నేను గేటు కాడ కూసోని ఎవరు ఎప్పుడొచ్చిండ్రు, ఎప్పుడు పోయిండ్రు అని హాజరు ఏసే గుమాస్తాను. మిషన్ల చప్పుడు దూరంకెళ్లి వినుడే గని వాటి మొకం చూసిన పాపాన పోలే. అయినా చిన్నాయన మాటను నేను కాదనలే. పుణ్యానికి చేతులకొచ్చిన మిషన్లను ఎవడన్న కింద పెడతడా?

పెండ్లయినంక, చర్చిల చేసే మొదటి కోత పండుగకు సంగారెడ్డికి అత్తగారింటికి పోయిన. మా అత్తమ్మ ఎస్తేరమ్మ ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్. ఆమె ఒక్కపారి దగ్గితే హాస్టలంత పండుకుంటదట. మా మామ దానియేలు బడి పంతులు. బడిల అరిచి అరిచి ఇంట్ల మాట్లాడుడు బందు పెట్టిండు. వాళ్లింట్ల ఒక వింత ఉండేది. అదే ఫ్రీజరు. ఇంగ్లాండుకు తిరిగిపోయిన ఒక దొరసాని పోతపోత అత్తమ్మకు ఇచ్చిపోయింది. నడుమెత్తు తెల్లటి పెట్టె. పిడి తిప్పితే టక్కుమని గొళ్లెం పడే తలుపు. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లనూ అసొంటిది లేదు. అందుకే చర్చిల పండుగ విందుకు ఐస్‌క్రీం ఎప్పుడూ అత్తమ్మ ఇంట్లకెళ్లే పోవాలె.

ఆ ఏడు ఫ్రీజరుకు ముసలితనమొచ్చింది. తలుపు అంచుకు చుట్టూ ఉండే రబ్బరు ఎండి, పలిగి, పెంకులు పెంకులుగ రాలుతున్నది. ఆ సందులకెళ్లి చలి బయటికొచ్చి వంటింట్ల తిరుగుతున్నది, లోపల మాత్రం ఉక్కపోత. అత్తమ్మ పాత చీర పేలికతోని తలుపును గట్టిగ కట్టింది. చూస్తే పన్ను నొచ్చి దవడకు గుడ్డ కట్టుకున్న పెద్దమనిషి లెక్క ఉన్నది.

"సికింద్రాబాదుల అడిగిచ్చిన అల్లుడూ, ఆ రబ్బరు ఇగ దొరకదంటున్నరు," అన్నది అత్తమ్మ. "రేపు పొద్దుగాల్నే పండుగ. జోగిపేట నుంచి కొత్త పాస్టరయ్య వస్తుండు. ఐస్‌క్రీం గడ్డకట్టకపోతే నా ఇజ్జత్ పోతది. మీరు మిషన్ల మనిషే గద, జెర చూడున్రి."

నా భార్య సుగుణ నన్ను పక్కకు గుంజింది. ఆమెకు నా నౌకరి సంగతి తెలుసు.

"మీకు బల్బు మార్చుడే రాదు. రాదని చెప్పున్రి."

"గింత రబ్బరు ముక్కకు రాదంటే బాగుంటదా?"

"ఇప్పుడంటే గింతే పోతది. రేపైతే మొత్తం పోతది."

ఎంత మంచి మాట! కొత్త పెండ్లికొడుకులకు మంచి మాట వినే చెవులు ఉండవు, మీకూ తెలుసు.

నేను ఫ్రీజరు ముంగట గొంతుకూసున్న. డాక్టరు నాడి చూసినట్టు తలుపును ముట్టి చూసిన. "ఊఁ" అన్న. అత్తమ్మ కూడ "ఊఁ" అన్నది. అప్పుడు నా కండ్లు వాకిట్ల గోడకు ఆనిచ్చిన మామ సైకిలు మీద పడ్డయి. రబ్బరు మెత్తగుండాలె, గుండ్రంగుండాలె, సందు నింపాలె. సైకిలు ట్యూబు కంటె మెత్తగ, గుండ్రంగ ఇంకేముంటది? పైంగ గాలి కొడితే ఉబ్బుతది. ఎంత సందుంటె అంత ఉబ్బియ్యొచ్చు. ఈ ఉపాయం దొరసాని దేశంల ఎవ్వనికీ తట్టలేదేందని నాకు నిజంగ జాలి అయింది.

"మామా, మీ సైకిలు ముందటి ట్యూబు కావాలె."

మామ నా దిక్కు చూసిండు, సైకిలు దిక్కు చూసిండు, అత్తమ్మ దిక్కు చూసిండు. ఆఖరుకు చూసిన దిక్కు నుంచే హుకుం వచ్చింది. ట్యూబు ఊడింది.

పాత రబ్బరు గీకి, పంక్చరు సొల్యూషన్ డబ్బా మొత్తం తలుపు అంచుకు పూసి, ట్యూబును సాగదీసి చుట్టూ అతికిచ్చిన. ఇంక గాలి కొట్టే ముక్కు ఎటు దిక్కు పెట్టాలె? ఇక్కడ కొద్దిగ మనసు పెట్టి వినుండ్రి, నా తెలివి అంత ఇక్కడ్నే ఉన్నది. ముక్కు బయటికి కనబడితే తెల్లటి ఫ్రీజరు అందం పోతది. అందుకని లోపలికి పెట్టిన.

కొద్దిగ గాలి కొట్టి తలుపేసిన. పడ్డది. తీసిన. వచ్చింది. అత్తమ్మ మొకం వెలిగింది. పాలు, కస్టర్డ్, చక్కెర కలిపి సిద్ధంగ పెట్టిన గిన్నెలన్నీ లోపల పేర్చింది. ఆడికి ఆపితే ఈ కథ లేదు. తలుపుకు, పెట్టెకు నడుమ ఒక కాయిదం పెట్టి గుంజి చూసిన. జారి వచ్చింది.

"గాలి చాలలేదత్తమ్మా. కాయిదం గుంజితే రావద్దు."

"మంచిగనే పడ్డది గదా," అన్నది సుగుణ.

"పడుడు వేరు, బిగుసుడు వేరు," అన్న నేను, రెండిట్ల ఏదీ తెలువకపోయినా.

తలుపు తెరిచి పంపుతోని కసకస గాలి కొట్టిన. ట్యూబు కొండచిలువ మేకను మింగినట్టు ఉబ్బింది. తలుపు పడలే. నేను భుజం ఆనిచ్చిన, మామ వీపు ఆనిచ్చిండు, అత్తమ్మ హాస్టలు తలుపులు నూకిన అనుభవమంత పెట్టి నూకింది. టక్! గొళ్లెం పడ్డది. కాయిదం గుంజితే చినిగింది గని రాలే. మామ అన్ని దినాలల్ల మొదటిపారి నోరు తెరిచి "శాబాష్" అన్నడు. రాత్రి నాకు రెండు కోడి కాళ్లు పడ్డయి.

తెల్లారి చర్చిల మొదటి గంట కొట్టినంక ఐస్‌క్రీం తీద్దామని అత్తమ్మ పిడి తిప్పింది. తిరుగలే. మామ తిప్పిండు. తిరుగలే. నేను "జరుగున్రి" అని పోయి, మిషన్ల మనిషి లెక్క నిలబడి, బలమంత పెట్టి తిప్పిన. పిడి తిరిగింది. తిరిగి, ఊడి, నా చేతులకు వచ్చింది. తలుపు మాత్రం ఉన్న జాగల్నే ఉన్నది.

"గాలి తియ్యున్రి," అన్నది అత్తమ్మ.

"తీస్త."

"ముక్కు ఎక్కడున్నది?"

నేను చేతులకొచ్చిన పిడిని అటుఇటు తిప్పి చూసిన.

"లోపల," అన్నది సుగుణ. ఆమెకు నా మీద ఉన్న ప్రేమ అంత ఆ ఒక్క మాటల వినబడ్డది.

"లోపలనా!" అన్నది అత్తమ్మ. "అంటే తలుపు తెరవాల్నంటే గాలి తియ్యాలె, గాలి తియ్యాల్నంటే తలుపు తెరవాలె. గింతేనా?"

"గింతేనత్తమ్మా."

మామ మెల్లగ పోయి ముందటి చక్రానికి ట్యూబు లేని సైకిలు పక్కకు కూసున్నడు. ఇద్దరు కష్టజీవులు ఒకరికొకరు తోడు.

నేను పట్టకారుతోని విరిగిన పిడి మొండెం పట్టుకొని, ఒక కాలు ఫ్రీజరుకు తన్ని పెట్టి, గుంజుకుంట తిప్పుడు మొదలువెట్టిన. చర్చిల రెండో గంట కొట్టింది. అత్తమ్మ లోపలికి పోయి గోనెసంచులు కుట్టే దబ్బనం పట్టుకొచ్చింది. తలుపు సందుల ట్యూబు కొద్దిగ బయటికి ఉబ్బి నవ్వుతున్నది.

"అత్తమ్మా, వద్దు! ట్యూబు ఖరాబైతది!"

"ట్యూబు కావాల్నా, పండుగ కావాల్నా?"

పొడిచింది. ఢాం! వాడకట్టంత ఉలికిపడ్డది. గొళ్లెం ఊడి, తలుపు తెరుచుకొని, పట్టకారుతోని సహా నేను ఎల్లెలుకల పడ్డ. లోపల ఐస్‌క్రీం రాయి లెక్క గడ్డకట్టింది, అది నిజం. నా రబ్బరు పనిచేసింది, అది కూడ నిజం. గని రాత్రంత బయటికి పోనీకి సందు లేక సొల్యూషన్ వాసన మొత్తం గిన్నెలల్లకు దిగింది. అత్తమ్మ ఒక చెంచ నోట్ల పెట్టుకొని కండ్లు మూసుకున్నది. సైకిలు దుకాణం మొత్తం ఆమె మొకంల కనబడ్డది.

వేరే దారి లేదు. అదే పంచిండ్రు.

విందుల పాస్టరయ్య మొదటి చెంచ తిని ఆగిండు. ఆయన రోజు ఊర్లు తిరిగేది సైకిలు మీద, పంక్చర్లు సొంతంగ ఏసుకుంటడు. "అమ్మా, ఈ వాసన నాకు చానా దగ్గరి వాసన. ఎక్కడో మతికొస్తలేదు," అన్నడు.

నేను సాంబారు బకెట్టు ఎనుకకు జరిగిన. అత్తమ్మ చెంగు సర్దుకొని, రెప్ప కొట్టకుండ చెప్పింది: "పరదేశం ఎసెన్సు అయ్యగారూ. మా అల్లుడు తెచ్చిండు."

పరదేశం అనే మాటకు ఎంత బలముండె ఆ దినాలల్ల! అందరు మళ్లొకపారి ఏయించుకున్నరు. పాస్టరయ్య భార్య నా దగ్గరికొచ్చి, "క్రిస్మస్‌కు మాకు గూడ ఒక సీసా తెండ్రి," అని వెయ్యి తీర్ల చెప్పి పోయింది.

పొద్దుగూకినంక నేను మళ్ల పట్టకారు పట్టుకొని ఊడిన గొళ్లెం దిక్కు చూస్తుంటె, అత్తమ్మ గిన్నెలు తోముకుంట నన్ను పిలిచింది.

"అల్లుడూ, పండుగ నాడు మీ కోసం అబద్ధమాడిన. ఇప్పుడు మీరు నాకొక నిజం చెప్పున్రి. ఫ్యాక్టరీల మీరు చేసే పని ఏంది?"

నేను తల వంచుకున్న. "గేటు కాడ హాజరు ఏస్త అత్తమ్మా. మిషన్ల దిక్కు పోనే పోను."

తిడతదనుకున్న. అత్తమ్మ చేతుల గిన్నె కింద పెట్టి, పెద్దగ ఊపిరి ఇడిసి, రెండు చేతులు పైకెత్తింది. "దేవునికి స్తోత్రం! పొద్దటి సంది ఆ ఫ్యాక్టరీల పనిచేసేటోళ్ల పానాల కోసమే ప్రార్థన చేస్తున్న. మిషన్లన్నీ మీ చేతుల ఉన్నయంటిరి గద!"

ఆ దినమే గడప మీద నిలబడి ఒట్టు పెట్టుకున్న. ఈ జన్మల గాలిని పీలుస్త గని కొట్ట. ఎవ్వరింట్ల ఏ తలుపు పడకపోయినా, దాని ముంగట వీపు ఆనిచ్చి కూసుంట గని రబ్బరు ముట్ట. దీనికి దేవుడు సాక్షి, మామ సాక్షి. సుగుణను కూడ సాక్షిగ ఉండమన్న. ముందుగాల చేతిల ఉన్న పట్టకారు కింద పెట్టున్రి, అప్పుడు ఆలోచిస్త అన్నది.