టెంటన్న దసరా యాడ్

తెలంగాణ ఉద్యమం నడిచిన ఆ రోజుల్లో కేసముద్రంలో పేరు రావాలంటే రెండు పనులు చేయాలి. దీక్షా శిబిరంలో కూర్చోవాలి, కూర్చున్నట్టు పేపర్లో పడాలి. రెండోది నా చేతిలో ఉండేది. ఒక పత్రికకు నేను మండల విలేకరిని (జీతం లేదు, కార్డు ఉంది). ఆ కార్డు మెడలో పడ్డాకే మా బాపు నలుగురిలో నన్ను తన కొడుకని చెప్పుకోసాగాడు. అది మెడలో నిలవాలంటే మాత్రం పండుగ పండుగకూ శుభాకాంక్షల యాడ్‌లు తేవాలి. ఈ దసరాకు పావు పేజీ యాడ్ తేకపోతే కార్డు ఇంకొకరికి పోతుందని ఆఫీసువాళ్లు మర్యాదగానే చెప్పారు.

నా ఆశంతా పోయిన పండుగకు యాడ్ ఇచ్చిన టెంటన్న మీదే. తెలంగాణ కోసం ఎక్కడ టెంటు వేసినా ముందు వరుసలో ఉండేవాడు కాబట్టి ఆ పేరు. ఆయన్ను మంచి చేసుకుందామని నా అంతట నేనే వెళ్లి ఫేస్‌బుక్ తెరిచిచ్చాను. దండ వేసుకున్న ఫొటో పెట్టి, లైకంటే ఏమిటో ఓపిగ్గా నేర్పాను. (కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటారే, నేను గొడ్డలికి సాన కూడా పట్టాను.) కొన్నాళ్లకు యాడ్ సంగతెత్తితే ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు.

"తమ్మీ, గిండ్ల ఉత్తగనే పడుతున్న గద. పైసలిచ్చి పేపర్ల ఎందుకు పడాలె?"

నన్ను ఆదుకున్నది గడపలో కూర్చున్న ఆయన తల్లి.

"పోయిన పండుగకు పేపర్ల ఉంటివి బిడ్డా. గీ పండుగకు లేకపోతే దివాలా తీసిండనుకుంటరు."

టెంటన్న ముఖం మాడింది. యాడ్ వచ్చింది, నా కార్డు నిలిచింది. అచ్చయిన రోజు ఆయన ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. 'పేపర్ల పడ్డవన్నా' అంటూ కామెంట్లు, ఏ దీక్షకూ రానన్ని లైకులు వచ్చాయి. చూసి నేను కూడా పొంగిపోయాను.

ఉగాదికి నేను అడగకముందే ఆయన యాడ్ ఫేస్‌బుక్‌లో కనిపించింది. మా పేపరు పేజీలాగే ఉంది, మా పేపర్లో మాత్రం లేదు. ఫ్లెక్సీలు కొట్టే దుకాణంలో చేయించాడట. తల్లికి ఫోన్లో చూపిస్తే ఆమె కూడా సంతోషపడిందట. నిజం చెప్పొద్దూ, మా అచ్చుకన్నా అదే శుభ్రంగా ఉంది. అలవాటు కొద్దీ లైకు కొట్టాను.

తర్వాత రాష్ట్రం వచ్చింది. అంతకుముందే, ఉగాదికి యాడ్ తేలేక, నా కార్డు పోయింది. దాన్ని తిరిగిచ్చి ఇంటికొచ్చిన రోజు బాపు ముఖం చూడలేక అన్నం ముందు తల వంచుకుని కూర్చున్నాను. ఆయన తన ఫోన్ నా ముందుకు జరిపాడు.

"టెంటన్నకు ఏదో తెరిచిచ్చినవట గద. నాకు గూడ ఒకటి తెరువు."

తెరిచిచ్చాను. ఆ కార్డు కోసం అంత బెంగపడ్డ పిల్లగాణ్ని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇన్నేళ్లయినా నేనేం రాసినా ఫేస్‌బుక్‌లో మొదటి లైకు బాపుదే. చదవడనుకోండి.