పిన్ను పట్టింది

మా నాన్నకు తెలిసిన కరెంటు శాస్త్రమంతా ఒక్క ముక్కలో ఉంటుంది: పిన్ను పట్టాలి. పట్టిందా, పని అయిపోయినట్టే. పట్టలేదా, ఇంకాస్త గట్టిగా నొక్కాలి.

అమ్మ కీబోర్డు మీద కూడా ఆయన ఆ శాస్త్రాన్నే ప్రయోగించారు.

అమ్మ మారేడ్‌పల్లిలో మా చర్చి క్వయర్‌లో ఆల్టో పాడేది. ఆల్టో అంటే అందరూ పాడే రాగానికి కిందగా నడిచే రెండో వరస. విడిగా వింటే అది ఏ పాటో దేవుడికి కూడా వెంటనే తట్టదు. ప్రాక్టీసు కోసం అమ్మ ఆ వరసను వాయించి కీబోర్డులోనే రికార్డు చేసుకుంది. మధ్యలో ఒకచోట తప్పు మెట్టు నొక్కి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకుంటుంది. నిరుడు అమ్మ పోయాక నాన్న రోజూ పొద్దున్నే టీ తాగుతూ దాన్ని మోగించేవారు. ఆ తప్పు మెట్టు వచ్చేసరికి కప్పు కింద పెట్టేవారు. దాన్ని ఫోన్‌లోకి ఎక్కించుకోవాలని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. రోజూ మోగేదాన్ని ఎవరు దాచుకుంటారు?

ఒకరోజు కీబోర్డు అడాప్టర్ వైరు మెడ దగ్గర తెగింది. నేను స్నానం చేసి వచ్చేలోగా నాన్న క్రిస్మస్ స్టార్ లైట్ల అడాప్టర్ వెతికి తెచ్చి గుచ్చారు. కీబోర్డు గుయ్యిమంది. ఆ వెంటనే కాలిన వాసన. మా ఇంట్లో అంతకంటే హంగామా చేసే వస్తువు కుక్కరొక్కటే.

"ఏం జేసినవ్ డాడీ?"

"గీడ పన్నెండు రాసున్నది, గాడ పన్నెండు రాసున్నది. పిన్ను సుత పట్టింది. ఇంకేం గావాలెరా?"

"అది ఏసీ డాడీ. దీనికి డీసీ గావాలె."

"మనింట్ల ఏసీ యాడున్నదిరా? ఉన్నది కూలరే గద!"

నవ్వొచ్చింది. నవ్వకుండా అడాప్టర్ తిప్పి చూపించాను. పన్నెండు పక్కన చిన్న వంకర గీత ఉంది. కీబోర్డు మీద పన్నెండు పక్కన తిన్నని గీత. వంకర గీత ఉంటే కరెంటు సెకనుకు యాభైసార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. బల్బుకు అది ఎటు నుంచి వచ్చినా ఒకటే, వెలుగుతుంది. కీబోర్డు లోపలి చిప్పులకు మాత్రం ఎప్పుడూ ఒకే వైపు నుంచి రావాలి. తిరగబడి వస్తే కాలిపోతాయి. గోడలోంచి వచ్చే ఏసీని డీసీగా మార్చి ఇచ్చేది తెగిపోయిన అడాప్టరే.

నాన్న అంతా విన్నారు. "ఎనక్కి పోనీకి మనకే వస్తలేదు, కరెంటుకు వస్తదా?" అన్నారు.

నేను కీబోర్డును దుప్పట్లో చుట్టుకుని బయల్దేరాను.

రిపేరు షాపులో బోర్డు మార్చారు. "మోగుతదన్నా, గని పాత రికార్డింగులు లోపల ఏం మిగల్లే" అన్నాడు షాపతను. ఆ మాట ఇంట్లో నేనే చెప్పాల్సి వచ్చింది. నాన్న తలూపి, కీబోర్డు ముందు కూర్చుని ఒంటి వేలితో వెతకడం మొదలుపెట్టారు. పాట దొరికింది. కాసేపు వాయించి చెయ్యి తీసేశారు.

"ఇది అందరు పాడేది. మీ అమ్మది ఎట్ల వోతుండెరా?"

ఏడాదిగా రోజూ విన్నవాణ్ని. పాడదామని నోరు తెరిచాను. అందరూ పాడేదే వచ్చింది.